రైతు ముట్టుకోని ప్లగ్గు

"ఏందీ, ఏదో మాడినట్టుండాది?" అని వంటింటి గడపలో నిలబడి అడిగాడు లోకేశ్.

సౌమ్య గబుక్కున స్టవ్ కట్టేసి మూకుడులోకి చూసింది. బొరుగుల ఉగ్గానికి వేసిన పోపు బాగానే ఉంది. ఆవాలు ఇంకా చిటపటలాడుతున్నాయి, మిరపకాయలు పచ్చగానే ఉన్నాయి. ఈ ఇంట్లో ఎక్కడ ఏది మాడినా ముందు తన మూకుడు చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. మాడిన వస్తువు ఆయన చేతిలోనే ఉంది. ఉల్లిపాయల పళ్ళెం పక్కకు నెట్టి, ఆ బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టెను స్టవ్ పక్కన పెట్టాడు.

"ఆళ్ళగడ్డ నుంచి ఇంకోటి వాపసొచ్చింది. చూసుకో నీ పనితనం."

రైతు పొలానికి పోకుండానే సెల్‌ఫోన్‌తో బోరు మోటారు వేసుకోవడానికీ, ఆపుకోవడానికీ పనికొచ్చే పెట్టె అది. నంద్యాల బైర్మల్ వీధిలో లోకేశ్ వాళ్ళకు మోటారు సామాన్ల అంగడి ఉంది. పెట్టె మీద ఉండేది ఆ అంగడి పేరే. లోపలి బోర్డు గీసేదీ, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో తేల్చేదీ, ఏ కనెక్టర్ వాడాలో ఏ సాకెట్ వాడాలో ఎంచేదీ మాత్రం సౌమ్య. వంట అయ్యాక, అంట్లు అయ్యాక, కూతురు రక్షితను బడికి పంపాక, వెనక గదిలో కిటికీ కింద వేసుకున్న బల్ల దగ్గర కూర్చుని చేస్తుంది. ఇంట్లో మనిషి ఇంట్లో చేసే పనికి జీతమేంది అని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు.

"ఈ తూరి తప్పు నీదని తేలితే డిజైన్ పని హైదరాబాదులో పిల్లోడెవడికో ఇచ్చేస్తా, చెప్తాండా. ఎట్లాగూ అమ్మ గూడా ఆ వెనక గది ఖాళీ చేయమంటాంది, బస్తాలకు పనికొస్తాదని. కొత్త పెట్టెలకు ఏ సాకెట్ తెప్పించాల్నో సాయంత్రానికి చెప్పు. ఇదేనా, వేరేదా?"

ఉగ్గాని తిని, బజ్జీలు ఇంకో రెండు వేయించుకుని, మూతి తుడుచుకుని అంగడికి పోయాడు. పెట్టె అక్కడే ఉండిపోయింది.

గిన్నెలు కడగకుండానే సౌమ్య దాన్ని వెనక గదికి తీసుకుపోయింది. ఆ ఇంట్లో గిన్నెలు కడగకుండా ఆమె కూర్చోవడం అరుదు. మూత విప్పి చూస్తే బోర్డు నిక్షేపంగా ఉంది. మాడింది ఒక్క సాకెట్టే. మోటారు దగ్గరి పెద్ద స్టార్టర్ నుంచి వచ్చే వైర్ల చివర ఒక ప్లగ్గు ఉంటుంది. అది వచ్చి కూర్చునేది ఈ సాకెట్‌లో. లోపలి రేకులు నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఒక పక్కకు జారిపోయింది.

బోర్డు మీద ఉండే చిప్పుల గురించి అందరూ గొప్పగా మాట్లాడతారు. కనెక్టర్ సంగతి ఎవరికీ పట్టదు. కాలేజీలో ఉన్నప్పుడు ల్యాబ్‌లో అబ్బాయిలు కూడా అంతే, చిప్పు నాకు చిప్పు నాకు అని ఎగబడి, వైర్లు కలిపే పని ఆడపిల్లలకు వదిలేసేవాళ్ళు. ఆ వదిలేసిన పనిలోనే సౌమ్యకు రుచి పుట్టింది. రెండు వస్తువులు కలిసే చోటే ఏదైనా చెడిపోయేది. అందుకే ఆమె ఎంచేటప్పుడు నసపెట్టి మరీ అడుగుతుంది. ఎంత కరెంటు పోతుంది, ఎండ తగులుతుందా, దుమ్ము పడుతుందా, ఎలుకలు కొరుకుతాయా. అన్నిటికంటే ముఖ్యంగా, ఎన్నిసార్లు ఊడదీసి పెడతారు. తగరం పూత పూసిన చవక పిన్నులు ఓ ముప్పై సార్లు ఊడదీసి పెడితే చాలు, పూత అరిగి పట్టు సడలుతుంది. అక్కడి నుంచి నిప్పురవ్వలు చిమ్మడం, వేడెక్కడం, మాడడం. ఒకసారి బిగించి వదిలేసే చోటికైతే అదే బంగారం.

అవన్నీ పోయిన ఎండాకాలం లోకేశ్‌ను అడిగింది. ఆళ్ళగడ్డ పొలాల్లో తిరిగేది ఆయనే కదా. అన్నిటికీ జవాబు చెప్పాడు. ఆఖరి ప్రశ్నకు నవ్వాడు కూడా. "ఒకసారి బిగిస్తే మళ్ళా దాన్ని రైతు ముట్టుకోడు. వానికి వేరే పనుల్లేవా?" అన్నాడు. ఆ మాట మీదే ఆమె ఈ సాకెట్‌ను ఎంచింది.

మరి ఎందుకు మాడుతున్నట్టు? ఆమెకు తట్టిన మొదటి సంగతి పైకి అనుకోవడానికే భయమేసింది. సాకెట్ మార్చేశాడు. తను చెప్పిన కంపెనీది కాకుండా, అదే రూపంలో ఉండే నకిలీది ఎక్కడో పట్టుకొచ్చాడు. ఒకసారి ఆ ఆలోచన వచ్చాక పాతవన్నీ దానికి అతుక్కోసాగాయి. సామాను వచ్చిన సంచులు ఆమె చేతికి ఎప్పుడూ విప్పే వస్తాయి. ఎవరి దగ్గర తెచ్చారని అడిగితే "నీకెందుకు, నీ పని నువ్వు చేసుకో" అంటాడు. ఫోన్ మాట్లాడుతూ ఆమె రాగానే పెరట్లోకి నడుస్తాడు. ఆళ్ళగడ్డకు తనూ వస్తానని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: "అమ్మ బాధపడతాది. కోడలు పొలాలెంబడి తిరిగితే అమ్మ ఓర్చుకోలేదు." అమ్మ బాధపడతాదనే మాటకు ఎదురు చెప్పడం ఎట్లాగో ఆమెకు ఇన్నేళ్ళలో తెలియలేదు. పెళ్ళయిన కొత్తలో ఊర్లోనే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆ మాటతోనే ఆగిపోయింది. ఆ రోజు నుంచి అత్త ముఖం ముడుచుకునే ఉంది. అడిగి కూడా తప్పు చేశానేమో అనుకుంది సౌమ్య. అప్పటినుంచి ఆమె అత్త జోలికి పోదు, అత్త ఆమె జోలికి రాదు. ఉప్పు, పప్పు, రక్షిత జడ, అంతే మాటలు.

భూతద్దం పెట్టి మాడిన సాకెట్ అడుగున చూసింది. తను ఎంచిన కంపెనీ ముద్రే ఉంది. డబ్బాలో మిగిలిన కొత్త సాకెట్ పక్కన పెట్టి చూసింది. ముద్ర ఒకటే, అచ్చు ఒకటే. ముద్ర కూడా నకిలీ కొట్టగలరు కదా అని మళ్ళీ అనుమానం. పూత గీకి చూసింది. అదే తగరం. అప్పుడు ఇంకో అనుమానం మెల్లగా లోపలికి వచ్చింది, మొదటిదానికంటే పాడుది. తప్పు తనదేనేమో. లెక్క తప్పానేమో. నాలుగు గోడల మధ్య కూర్చుని బోర్డులు గీసేదానికి పొలంలో ఏం జరుగుతుందో ఏం తెలుసు? ఈ బల్ల ఎత్తేసి ఇక్కడ బస్తాలు వేసుకోవడమే న్యాయమేమో. చేతిలో భూతద్దం ఉందని మరచి అదే చేత్తో కళ్ళు తుడుచుకుంది.

పెట్టె మూత మీద లోకేశ్ మార్కర్‌తో రాసిన పేరు, ఫోన్ నంబరు కనబడ్డాయి. రాజశేఖర్. ఫోన్ చేస్తే ఆడమనిషి ఎత్తింది. ఆయన లేడు, నేను ఆయన భార్యను, మంజుల, ఏం కావాల అంది. పొలం ఎక్కడో అడిగి తెలుసుకుని సౌమ్య లేచి చీర మార్చుకుంది.

వసారాలో బేతంచెర్ల బండల మీద కాళ్ళు చాపుకుని అత్త లక్ష్మీనరసమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తా, నేను ఆళ్ళగడ్డకు పోయొస్తా."

లక్ష్మీనరసమ్మ చేతులు ఆగాయి. "వాడు చెప్పినాడా?"

"ల్యా. నేనే పోతాండా."

కోడలి ముఖం వంక, చేతిలో సంచి వంక చూసింది ఆమె. ఇప్పుడు మొదలవుతుంది అనుకుంది సౌమ్య. ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి పోయి, సీసాలో మజ్జిగ పోసి తెచ్చి సంచిలో పెట్టింది. "ఎండ మండిపోతాంది. పాప బడి నుంచి వస్తే నేను చూసుకుంటాలే" అని మళ్ళీ చింతపండు ముందు కూలబడింది. ఇంత మంచితనం ఎందుకో సౌమ్యకు అర్థం కాలేదు. నేను వీధి మలుపు తిరగ్గానే కొడుక్కి ఫోన్ చేస్తుందేమో అనుకుంటూ బస్టాండుకు నడిచింది. ఆధార్ కార్డు చూసి కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే సున్నా రూపాయల టికెట్ ఇచ్చాడు. దారి పొడుగునా ఫోన్ మోగుతుందని ఎదురుచూసింది. మోగలేదు.

ఆళ్ళగడ్డలో దిగి ఆటో ఎక్కింది. అరటి తోటల మధ్య మట్టి రోడ్డు చివర మంజుల నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా పసుపు మట్టి. కూలీలతో పాటు తనూ పసుపు తవ్వుతూ వచ్చింది.

"లోకేశ్ శెట్టన్న ఇంట్లోళ్ళా? రాండి అక్కా. ఆయన వస్తాడనుకుంటి. బాగుచేసే వాళ్ళను పంపిస్తానన్యాడు."

"మాడింది నేను చూసినా మంజులా. ఇంకో పెట్టె ఏదైనా బాగా పనిచేస్తాండేది చూపిస్తావా?"

"పక్క చేన్లో జీవమ్మ వాళ్ళది ఉండాది. అది గూడా చెడిపోవడానికి వచ్చింది. మొన్న ఆమెకు షాక్ కొట్టి చెయ్యి జిల్లుమనిందంట. ఆ పెట్టె చేసిన హైదరాబాద్ ఇంజనీరు యాడుండాడో గాని, ఒక్కరోజు వచ్చి మా మాదిరి చేసి చూడమనాల."

సౌమ్య నడక ఆపింది. "హైదరాబాద్ ఇంజనీరా?"

"శెట్టన్న చెప్పినాడు కదా. పెద్ద ఇంజనీరంట, ఆయనే చేసినాడంట."

పని చేసినందుకు పేరు ఎట్లాగూ లేదు. మాడినప్పుడేమో నీ పనితనం చూసుకో అని వంటింట్లోకి తెచ్చి పెట్టాడు. సౌమ్యకు ఒళ్ళు మండింది. ఆ మంటలో భయం కొంచెం తగ్గింది కూడా.

"ఆ ఇంజనీరు నేనే" అంది.

మంజుల ఆమెను కిందికీ పైకీ చూసింది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. అయ్యో అనలేదు, నాలుక కరుచుకోలేదు. "అట్లయితే మంచిదే. నువ్వే ఊడదీసి చూడు, రా" అంది.

మోటారు కొట్టం గోడకు జీవమ్మ వాళ్ళ పెట్టె వేలాడుతోంది. సౌమ్య పెద్ద స్విచ్ ఆపించి, సాకెట్ చూసింది. రేకులు అరిగి మెరుస్తున్నాయి, అంచులు నల్లబడ్డాయి. పొలంలో ఒకసారి బిగించి వదిలేసిన సాకెట్ ఇట్లా ఉండదు. ముద్ర తను ఎంచినదే, పూత తను ఎంచినదే, సందేహం లేదు. ఎవరూ మార్చలేదు. మరి ఇంతగా ఎట్లా అరిగింది?

"దీన్ని ఎవరైనా ఊడదీస్తారా?" అని అడిగింది.

మంజుల నవ్వింది. "ఎవరైనా ఏందక్కా, రోజూ ఊడదీస్తాం. ఈడ పెట్టిపోతే పొద్దునకల్లా ఉంటాదా? దొంగలు వైరే వదిలిపెట్టరు, పెట్టెను వదుల్తారా? ఇంటికి పోతా సంచిలో వేసుకుని పోతాం, పొద్దున్నే వచ్చి తగిలిస్తాం. శెట్టన్నే చూపించినాడు కదా, అమ్మేటప్పుడు. సెల్‌ఫోన్ చార్జర్ మాదిరి ఊడబీక్కుని పోండి, దొంగల భయమే లేదు అని. దాని కోసమే అందరూ కొన్యారు."

సౌమ్య అరిగిన రేకులను వేలితో తడిమి చూసింది. "మీ ఆయన ఊడదీయడా?"

"ఆయన యాడ ముట్టుకుంటాడు? ఆయన ఫోన్లో నొక్కుతాడు. ఇది మా పని. ఈ చుట్టుపక్కల అందరిండ్లలోనూ ఆడోళ్ళదే."

"స్విచ్ ఆపి ఊడదీస్తారా?"

"స్విచ్ ఆ స్తంభం దగ్గర ఉండాది. నెత్తి మీద గడ్డిమోపు పెట్టుకుని ఆడికి పోయి ఆపి, ఈడికొచ్చి తీసి... అంత తీరిక ఎవురికుండాది? శెట్టన్న ఏం కాదన్యాడు."

ఎట్లా తీస్తావో చూపించు అని సౌమ్య అడిగితే, మంజుల నిజంగానే గట్టు మీది గడ్డిమోపు నెత్తికెత్తుకుంది. ఒక చేయి మోపు మీద. ఇంకో చేయి, పసుపు మట్టి ఆరని చేయి, వైర్లనే పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ప్లగ్గు వంకరగా ఊడి వచ్చింది. రోజూ ఊడదీస్తారని విన్నప్పుడే సౌమ్య మనసులో ఇంకో కనెక్టర్ అనుకుంది, గట్టి ఇత్తడి పిన్నులది, మర బిగించే కడియం ఉన్నది, ఎన్ని వేలసార్లు ఊడదీసినా చెక్కు చెదరనిది. ఆ మర తిప్పడానికి రెండు చేతులు కావాలి. మంజులకు ఉన్నది ఒక్క చేయి. పావు వంతు తిప్పితే విడిపోయేది, బొటనవేలు ఆనడానికి వెడల్పు పిడి ఉన్నది కావాలి. ఆ తిప్పుడులోనే కరెంటు ముందు ఆగిపోవాలి, ఆ తరవాతే పిన్ను ఊడాలి. అట్లాంటివి ఉన్నాయి. ఆమె ఎప్పుడో చూసింది. అవసరం లేదనుకుని వదిలేసింది.

గట్టు మీద కూర్చుని ఆమె ఎప్పుడూ చేయని పని చేసింది. అంగడి వేళలో లోకేశ్‌కు ఫోన్ చేసింది.

"రోజూ ఊడదీస్తారని నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరు ఊడదీసేది? రాజశేఖర్ అట్లాంటి పని చేయడే."

"మంజుల."

"ఓ, అదా. ఆడోళ్ళు ఇంటికి పోతా పోతా తీసుకపోతారు. అదీ ఒక పనేనా? నువ్వడిగింది రైతు సంగతి. రైతు ముట్టుకోడు అన్యా. అది నిజమే కదా, నేనేమన్నా అబద్ధం చెప్పినానా?" ఆగి, గొంతు మార్చాడు. "ఆ పేరు నీకెట్లా తెలుసు? యాడుండావ్ నువ్వు?"

"ఆళ్ళగడ్డలో."

"ఎవర్నడిగి పోయినావ్? అమ్మకు తెలిస్తే ఎంత బాధపడతాదో నీకేమన్నా తెలుసా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. మొదట గుండె తేలికైంది, తన లెక్క తప్పలేదు. ఆ వెంటనే అది పోయింది. నకిలీ సాకెట్ తెచ్చి ఉంటేనే బాగుండేది అనిపించింది, అప్పుడు తిట్టడానికి ఒక దొంగతనం ఉండేది. ఈయన అబద్ధమే చెప్పలేదు. ఎదురుగా నిలబడి తానే నేర్పించిన మనిషి ఆయనకు లెక్కలోకి రాలేదు. పొద్దున్నుంచి పసుపు తవ్వుతున్న మంజుల రైతు కాదు. ఆ చేయి జిల్లుమన్నా, సాకెట్ మాడినా, ఆయన చెప్పిన మాట నిజంగానే ఉండిపోతుంది. తను చేసిన తప్పు ఒక్కటే. పని చేసే మనిషిని అడగకుండా ఆయన్ను అడిగింది, ఆయన తెచ్చి ఇచ్చిన జవాబు మీద ఎంచుకుంది.

అమ్మ బాధపడతాది అన్నాడు. సంచిలో మజ్జిగ సీసా చేతికి తగిలింది. అమ్మకు పొద్దున్నే తెలుసు. బాధపడిన మనిషి మజ్జిగ పోసి ఇవ్వదు, పాపను చూసుకుంటాలే అనదు, ఇంత సేపు కొడుక్కి చెప్పకుండా ఉండదు. అత్త బాధపడతాదని ఈ తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు విన్నది. అత్త నోటి నుంచి మాత్రం ఒక్కసారీ వినలేదు. ఆయన మాట మీద తను ఎంచుకున్నది ఆ సాకెట్ ఒక్కటేనా?

ఇంటి నంబరు నొక్కింది.

"అత్తా, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. పెండ్లయిన కొత్తలో నాకు కాలేజీలో ఉద్యోగమొస్తే, వద్దన్నది నువ్వేనా?"

అటువైపు చింతపండు పళ్ళెం బండ మీద పెట్టిన చప్పుడు.

"నేనా? నేనెప్పుడు వద్దంటి? నీకే ఇష్టం ల్యాదని, ఇంటి పట్టున ఉంటానంటాదని వాడే చెప్పె. ఇంత చదువు చదివి ఈ పిల్ల పొయ్యి కాడ కూచునేదేందని నాకు నీ మీద మండిపోయె. అత్త అడిగితే బాగుండదులే అని ఊరుకుంటి. ఎందుకిప్పుడు?"

"వెనక గది ఖాళీ చేయమన్నది?"

"ఏ గది? నీ గదా? ఆ వైర్లు యాడ తగుల్తాయో అని నేను ఆ గడప గూడా తొక్కను కదే!"

పొలంలో మంజుల ప్లగ్గు తిరిగి పెట్టి, పెట్టె గోడకు తగిలిస్తోంది. ఒక ముసలామె తొమ్మిదేళ్ళు ముడుచుకున్న ముఖం ఇప్పుడు ఎట్లా ఉందో చూడాలని సౌమ్యకు ప్రాణం కొట్టుకుంది.

"అత్తా, నాకు ఈడ ఇంకొంచెం పని ఉండాది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడోళ్ళ చేతులు చూసి, కొలతలు తీసుకుని వస్తా. ఇకమీద ఆయన మన ఇద్దరికీ ఏ మాట చెప్పాలన్నా, ఇద్దర్నీ ఒక్కచోట కూచోబెట్టుకుని చెప్పాల. ఈ రోజే మొదలు."

"నువ్వు నిదానంగా పని చూసుకుని రా" అంది లక్ష్మీనరసమ్మ. "వాడొస్తే కూచోబెట్టే ఉంచుతా."